తోరణానికి కొలత

“సైకిల్ లేదు. హెల్మెట్ కూడా లేదు,” అన్నాడు ఐగిల్ షెడ్డు తలుపు పట్టుకుని. “మీ అత్త వెళ్ళిపోయింది.”

మైబ్రిట్ చేతిలో వెన్న రాసిన రొట్టె అలాగే ఉండిపోయింది. “ఎక్కడికి మామయ్యా?”

“ఎక్కడికేమిటి, రోడ్డు మీదకి! నువ్వు గీసిన ఆ బొమ్మ చూసిన దగ్గర్నించి ఆవిడకి రెక్కలొచ్చాయి. శనివారం పొద్దున పాటలు నేర్చుకునేవాళ్ళంతా హాల్లో కలుస్తారుగా, అక్కడికే పోయుంటుంది. నన్ను లేపొచ్చుగా? కారు తీస్తానుగా?”

“మీతో మాట్లాడితే కదా లేపడానికి.”

ఐగిల్ తలుపు వదిలేసి ఎర్ర కారు కేసి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఇంటి చెప్పులతోనే కారెక్కాడు.

గురువారం ఊరి హాల్లో సభ అయిన దగ్గర్నించి టోవె భర్తతో మాట్లాడడం లేదు. అలగడమంటే ఆమె తలుపులు విసిరికొట్టదు, కంచాలు దభీమని పెట్టదు. కాఫీ పోస్తుంది, బంగాళాదుంపలు వడ్డిస్తుంది, చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుంది. నోరు మాత్రం విప్పదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె మాటలు భరించడం ఐగిల్‌కి బాగా అలవాటు. మౌనం భరించడం మాత్రం ఇప్పటికీ చేతకాదు.

ఆ సభలో తప్పంతా ఐగిల్‌దే అని మైబ్రిట్ అనుకోలేకపోతోంది. తన వంతూ ఉంది. మున్సిపాలిటీలో రోడ్ల ఇంజనీరు తను. ఇంటి ముందు నుంచి నోర్‌హెడె ఊళ్ళోకి పోయే రోడ్డుకి ఈ వేసవిలో కొత్త తారు వేస్తున్నారు. ఎలాగూ వేస్తున్నారు కదా, మధ్యలో బళ్ళకి ఒకే దారి ఉంచి, రెండు పక్కలా తెల్లని గీతలు కొట్టి, ఆ అంచులు నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేద్దామని ఆమె ప్లాను. బండికి బండి ఎదురైతే ఇద్దరూ నెమ్మదించి, అంచు మీద ఎవరూ లేరని చూసుకుని పక్కకి జరగాలి. అంతే. కానీ ఒకసారి తారు పడిందంటే, అది మళ్ళీ అరిగి గుంతలు పడేదాకా ఆ రోడ్డు జోలికి ఎవరూ రారు.

ఊళ్ళో వారం నుంచీ నలుగుతున్న ఆ బొమ్మని సభలో చూపించగానే మొట్టమొదట లేచి నిలబడింది సొంత మామగారే. “నా భార్యని ఎక్కడికైనా నేనే తీసుకెళ్తా. ఆవిడకి ప్రత్యేకంగా దారి అక్కర్లేదు, నేనున్నాను,” అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. టోవె లేచింది, కోటు వేసుకుంది, చీకట్లో మూడు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చింది. వెనక కారులో ఐగిల్ బతిమాలుతూనే ఉన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మైబ్రిట్ ముందు రచ్చలోకి దూకింది.

ఆమె రొట్టె నోట్లో కుక్కుకుని తన సైకిల్ తీసింది. మొగుడు యెప్పె ఉంటే తండ్రికి సర్దిచెప్పేవాడేమో. అతను సముద్రంలో గాలిమరలు బాగుచేయడానికి పోయి పది రోజులైంది, ఇంకో వారం దాకా రాడు.

బార్లీ చేను దగ్గర మలుపు తిరగగానే ముందు నవ్వొచ్చింది ఆమెకి. తర్వాత జాలేసింది.

రోడ్డు అంచున టోవె సైకిల్ తొక్కుతోంది. తెల్ల హెల్మెట్, పూల కోటు, బుట్టలో పాటల పుస్తకం. ఆమె వెనకే ఐగిల్ ఎర్ర కారు, ప్రమాదం దీపాలు రెండూ టిక్కు టిక్కుమని వెలిగిస్తూ, కాలినడకంత వేగంతో. దాని వెనక ఎదురింటి రైతు కార్లో నడుపుతున్న ట్రాక్టరు, గడ్డి ట్రాలీ. ఆ వెనక రొట్టెల వ్యాను. ముందువాణ్ణి దాటిపోదామనుకునేవాడు ఒక్కడూ లేడు. పెళ్ళి ఊరేగింపంటే నమ్మొచ్చు.

ఐగిల్ కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు. “టోవె! ఎక్కు! వెనక ట్రాక్టరు మీద కార్లో ఉన్నాడు, అతనికి పనుంది!”

టోవె తొక్కుతూనే ఉంది.

“సైకిల్ డిక్కీలో పెడతా. నువ్వు కూచుంటే చాలు!”

మైబ్రిట్ పక్కకి రాగానే టోవె తల తిప్పకుండానే అంది: “వచ్చావా అమ్మా? మీ మామగారితో చెప్పు, గొంతు పోతుంది, కిటికీ వేసుకోమని.”

“అత్తయ్యా, మీరే చెప్పొచ్చుగా.”

“నేనా? నాకు నోరెక్కడుంది? నాకు కావలసినవన్నీ ఆయనే చెప్పేస్తారుగా హాల్లో నిలబడి.”

“అది కాదు టోవె!” ఐగిల్ కిటికీలోంచి ఇంకా బయటికి వంగాడు. “ఆ లారీ గాలికి నువ్వు కాలవలో పడ్డ రోజు, నిన్ను అందులోంచి ఎత్తింది నేను. చెయ్యి ఎలా వేలాడుతోందో చూసింది నేను. ఈ పిల్ల గీసే గీతని చూసి లారీ ఆగుతుందా?”

రెండేళ్ళ కిందటి మాట అది. ఆ రోజు నుంచీ టోవె సైకిల్ షెడ్డులో గోడకి వేలాడింది. కారు నడపడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. అందువల్ల దుకాణానికైనా, పాటలకైనా, చర్చికైనా ఐగిలే డ్రైవరు.

“గీత ఆపదు మామయ్యా,” అంది మైబ్రిట్. “ఇప్పుడు రోడ్డు విశాలంగా కనిపిస్తోంది కాబట్టి అందరూ ఎగురుకుంటూ పోతున్నారు. ముందర ఒకే దారి కనిపిస్తే ఎవడికైనా కాలు బ్రేకు మీదకే పోతుంది.”

“కాగితం మీద పోతుంది.”

టోవె ఉన్నట్టుండి కాలు కింద పెట్టి ఆగింది. కారు ఆగింది, ట్రాక్టరు ఆగింది, వ్యాను ఆగింది. ఆమె ముందు రోడ్డుకి అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు మేకులతో బిగించి ఉన్నాయి.

“మైబ్రిట్, ఈ గొట్టాలు ఎందుకమ్మా?”

“ఎన్ని బళ్ళు పోతున్నాయో లెక్కపెట్టడానికి అత్తయ్యా. బండి చక్రం ఎక్కినప్పుడల్లా లెక్కకొస్తుంది.”

“ఎన్ని వచ్చాయేం?”

మైబ్రిట్‌కి ఆ మాటే పుండు మీద కారం. బళ్ళు తక్కువగా తిరిగే రోడ్డుకే అలాంటి గీతలు కొట్టొచ్చని నిబంధన. గొట్టాలు చెప్పిన లెక్క దాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఆ లెక్కని మంగళవారం మున్సిపాలిటీ కమిటీ ముందు పెడితే ప్లాను అక్కడికక్కడే చచ్చినట్టే. “చాలా ఎక్కువొచ్చాయి. ఎలా వచ్చాయో నాకే అంతుపట్టడం లేదు.”

“నాకు పట్టింది,” అంది టోవె. “నా వంటింటి కిటికీలోంచి చేను మీదుగా చూస్తే ఈ గొట్టాలు తిన్నగా కనిపిస్తాయి. మొన్న మధ్యాహ్నం మీ మామగారు పాలకి వెళ్ళారు. వచ్చారు. పాలు మర్చిపోయానని మళ్ళీ వెళ్ళారు. వచ్చారు. ఆ పాలు కాదు, వేరే పాలు కావాలని మళ్ళీ వెళ్ళారు. ఫ్రిజ్ తెరిచి చూడు, వెన్న పెట్టుకోడానికి చోటు లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం, ఒక దూడన్నా లేదు. అన్ని పాలు ఎవరు తాగాలి?”

ఐగిల్ తల కిటికీలోంచి లోపలికి పోయింది.

“కార్లో!” టోవె గొంతు పెంచింది. “బుధవారం ఆ ఖాళీ ట్రాలీ వేసుకుని అన్నిసార్లు ఎక్కడికయ్యా తిరిగావు? గాలి మోసుకొచ్చావా?”

ఐగిల్‌కి కార్లో నలభై ఏళ్ళ స్నేహితుడు. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా ట్రాక్టరు మీద కూచుని ఆకాశంలో మబ్బులు చూడసాగాడు. రొట్టెల వ్యాను కుర్రాడు మాత్రం స్టీరింగు మీద పడి నవ్వాడు.

టోవె మళ్ళీ సైకిలెక్కింది. గొట్టాలు దాటేముందు వెనక్కి తిరిగి, రెండు రోజుల తర్వాత మొదటిసారి భర్త మొహంలోకి చూసింది. నోరు మాత్రం విప్పలేదు.

*

ఆ రోజు మధ్యాహ్నం తలుపు కొలవడానికి మనుషులు రావాలి.

వచ్చే శనివారం ఐగిల్, టోవెల పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోడ్డు మీద యాభై నిండినవాళ్ళ గుమ్మానికి ఫర్ చెట్ల పచ్చి కొమ్మలతో తోరణం కట్టి, పైన యాభై అన్న బంగారు అంకె పెట్టి, కాగితం గులాబీలు గుచ్చుతారు. కట్టేది ఇరుగుపొరుగు. ఇంటివాళ్ళు ఒక్క కొమ్మ కూడా ముట్టుకోకూడదు. ఎవరినీ పిలవకూడదు కూడా. పిలిచేది ఎదురింటివాడు. అతను టేపు పట్టుకుని వచ్చి గుమ్మం కొలిస్తే, తోరణం వస్తున్నట్టు. అతను రాకపోతే ఇంక ఎవరూ రారు.

ఆ రోడ్డు మీద ఇన్నేళ్ళలో ఏ గుమ్మానికి తోరణం కట్టినా అందులో గులాబీలు టోవె చేతివే. యెప్పె కడుపులో ఉండగా, ఆయాసపడుతూ కూడా చేసిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇన్నాళ్ళకి తన గుమ్మం వంతు వచ్చింది.

పాటల నుంచి ఎప్పుడొచ్చిందో, ఆమె బల్ల మీద గుడ్డ పరిచి, కప్పులు, కేకు, చేదు సారాయి సీసా, చిన్న గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బల్లకి ఒక మూల మైబ్రిట్ కంప్యూటరు ముందు కూచుంది. ఇంకో మూల ఐగిల్ కూచుని, ఖాళీ గ్లాసుని ఇటూ అటూ జరుపుతున్నాడు.

“కమిటీకి ఏమని రాస్తావు?” అన్నాడు చివరికి.

“ఆ లెక్క పనికిరాదని.”

“అంతేనా?”

“ఎందుకు పనికిరాదో చెప్పాలి కదా మామయ్యా. ఊరికే వద్దంటే, తనకి నచ్చని లెక్క కాబట్టి పారేసిందంటారు. మళ్ళీ లెక్కపెడదామంటే ఈలోపు తారు వేసేస్తారు.”

“అంటే నా పేరు.”

మైబ్రిట్ కళ్ళు తలుపు వైపు పోయాయి. పెళ్ళై ఈ ఇంటికొచ్చినప్పుడు, తలుపు దగ్గర తన బూట్లకి చెక్కతో ఒక చిన్న అర చేసి పెట్టిన మనిషి ఈయన. ఇంకెవరి బూట్లూ అందులో పెట్టనివ్వడు ఇప్పటికీ. ఆయన పేరు మున్సిపాలిటీ గదిలో పదిమంది ముందు తనే చదవాలి.

“బళ్ళు ఎక్కువని తేలితే ప్లాను పోతుంది, అంతేగా అనుకున్నా,” అన్నాడు ఐగిల్. “నీకు మాటొస్తుందని తట్టలేదమ్మా. ఒట్టు.”

“నాకు కోపం లేదు. కానీ ఎందుకు మామయ్యా? భయమేనా?”

“భయం ఉంది. లేదననుగా.” గ్లాసు జరపడం ఆపేశాడు. “ఇంకోటి కూడా ఉంది. నవ్వకు.”

“నవ్వను.”

“హాలుకి తీసుకెళ్ళేటప్పుడు కారులో గొంతు సవరించుకుంటుంది. స్వరాలు పైకీ కిందకీ పాడుకుంటుంది. ఇంట్లో పాడదు, పొయ్యి దగ్గర ఎవరన్నా పాడతారా అంటుంది. హాల్లో అందరితో కలిసిపోతుంది గొంతు. ఆ కారులో మాత్రం ఒక్క నాకోసమే పాడుతున్నట్టుంటుంది. ఈ రెండేళ్ళుగానే దొరికింది అది నాకు. అంతకుముందు తనే తొక్కుకుంటూ పోయేదిగా.” గ్లాసు బోర్లించాడు. “తను సైకిలెక్కి పోతే ఇంక నేనెందుకు తనకి?”

మైబ్రిట్ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

వంటింటి గుమ్మంలో టోవె నిలబడి ఉంది. చేతిలో పాలకూజా. ఎప్పటినుంచి నిలబడిందో వాళ్ళిద్దరికీ తెలీదు. వచ్చి కూజా బల్ల మీద పెట్టింది. మొగుడి కప్పులో కాఫీ పోసి, అడక్కుండానే పాలు పోసింది, కొంచెం ఎక్కువే. ఒక్క మాటా అనలేదు. అయితే ఆ మౌనం పొద్దుటి మౌనంలా లేదని మైబ్రిట్‌కి అనిపించింది.

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడైంది.

కార్లో ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ నలుగురైదుగురు వస్తారు, గోల చేసుకుంటూ. అతని చేతిలో టేపు ఉంది. టోవె ముఖం వెలిగింది. దాచుకుందామని కిటికీ వైపు తిరిగింది గానీ, వెలగడం అందరూ చూశారు.

“రా కార్లో, ముందు ఒక గ్లాసు,” అన్నాడు ఐగిల్.

“పని అయ్యాక.” కార్లో గుమ్మం దగ్గరకి వెళ్ళాడు. “ఇదిగో, ఆ కొస పట్టుకో.”

“నేను ఇంటివాణ్ణి, ముట్టుకోకూడదుగా.”

“కొమ్మలే ముట్టుకోకూడదు. టేపు ముట్టుకోవచ్చు, పట్టు.”

ఇద్దరు ముసలాళ్ళూ గుమ్మానికి చెరోవైపు నిలబడి వెడల్పు కొలిచారు. కార్లో చెవి సందున ఉన్న పెన్సిలు తీసి గుమ్మం చెక్క మీద అంకె వేశాడు. ఎత్తు కొలవడానికి స్టూలు మీద కాలు పెట్టి, అలాగే ఆగిపోయాడు.

“అమ్మాయ్,” అన్నాడు మైబ్రిట్ వైపు చూడకుండా. “ఆ గొట్టాల మీద తిరిగింది మేమిద్దరమే కాదు. ఈ రోడ్డు మీద సగంమంది తిరిగారు. పొద్దున వదిన అరిచిన సంగతి అప్పుడే అన్ని ఇళ్ళకీ పాకింది. అందరూ నన్నే అడుగుతున్నారు, మంగళవారం మా పేర్లు చదువుతారా అని.”

కార్లో పెన్సిలు మళ్ళీ చెవి సందున పెట్టుకున్నాడు.

“పేర్లు చదివితే శుక్రవారం కొమ్మలు మోయడానికి ఎవడొస్తాడు? నేనొక్కణ్ణీ ఎత్తలేను తోరణాన్ని. బెదిరించడం కాదమ్మా ఇది. ఉన్నమాట. పేర్లు రావని ఒక్క మాట చెప్పు, ఎత్తు కొలిచేసి, ఆ గ్లాసు తాగి, అందరికీ చెప్పొస్తా.”

“కార్లో మావయ్యా…” అంది మైబ్రిట్. రోడ్డు కావాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే తోరణం లేదు. అత్తగారి వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

“దాన్నెందుకు అడుగుతావు?” టోవె గొంతు. “అది చూడలేదు. చూసింది నేను. మంగళవారం కమిటీకి నేనే వెళ్తా. నేనే చెప్తా.”

“టోవె,” అన్నాడు ఐగిల్.

“పేర్లు అడిగితే మొదట మా ఆయన పేరు చెప్తా. దాంతో సరిపోతే సరిపోయినట్టు. ఇంకా అడిగితే ఇంకా చెప్తా.”

“వదినా, తోరణం…”

“యాభై ఏళ్ళు ఆ గులాబీలు చేశాను కార్లో. మీ ఇంటి గుమ్మానికీ చేశాను. నా గుమ్మానికొకటి ఉండాలని నాకు మాత్రం ఉండదా?” ఆమె బల్ల మీది గుడ్డ మడత సరిచేసింది. “ఉంది. చాలా ఉంది. కానీ తోరణం నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. రోడ్డు నేను పోయేదాకా ఉంటుంది. సైకిల్ మీదే వెళ్తా, సైకిల్ మీదే వస్తా.”

కార్లో స్టూలు మీంచి కాలు తీశాడు. టేపు చటుక్కున చుట్టుకుపోయింది. పోసి ఉంచిన గ్లాసు వైపు ఒకసారి చూసి, టోపీ సర్దుకుని, ఎత్తు కొలవకుండానే వాకిలి దాటి వెళ్ళిపోయాడు.

గుమ్మం చెక్క మీద వెడల్పు అంకె ఒక్కటే మిగిలింది. టోవె వెళ్ళి వేలితో దాన్ని తాకింది. చెరిపేస్తుందేమో అనుకుంది మైబ్రిట్. చెరపలేదు.

తలెత్తి చూస్తే ఐగిల్ కూడా గదిలో లేడు.

మైబ్రిట్ కంగారుగా వాకిట్లోకి వచ్చింది. షెడ్డు గోడ పక్కన ఆయన మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. టోవె సైకిల్ తిరగేసి పెట్టి, వెనక చక్రానికి గాలి కొడుతున్నాడు.

“మామయ్యా, ఏం చేస్తున్నారు?”

“వెనక చక్రం మెత్తగా ఉంది. పొద్దున కారులోంచి చూస్తూనే ఉన్నా. దీంతో బయల్దేరితే సగం దారిలో దిగబడుతుంది.”

“అత్తయ్య ఎక్కడికి వెళ్తానంటున్నారో విన్నారుగా?”

“విన్నా. నామీద చాడీలు చెప్పడానికి.” పంపు నొక్కాడు. “వెళ్ళేదేదో క్షేమంగా వెళ్ళాలి కదా.”

ఇంకో నాలుగుసార్లు నొక్కి చక్రాన్ని బొటనవేలితో ఒత్తి చూశాడు. అప్పుడు వంటింటి కిటికీలోంచి వినిపించింది. సన్నగా, కొంచెం బొంగురుగా, ఒక్కొక్క స్వరం మెట్టెక్కుతూ, దిగుతూ. ఆ ఇంట్లో, పొయ్యి దగ్గర, పాడగా మైబ్రిట్ ఎన్నడూ వినని గొంతు.

ఐగిల్ చేతిలో పంపు ఆగిపోయింది. తల తిప్పలేదు. తిప్పితే పాట ఆగిపోతుందేమోనన్నట్టు అలాగే కూచుండిపోయాడు.

రోడ్డుకి అవతల, కార్లో తన గేటు దాకా వెళ్ళాడు గానీ లోపలికి పోలేదు. ఆ పాట వింటూ ఈ గుమ్మం వైపే చూస్తున్నాడు. టేపు ఇంకా అతని చేతిలోనే ఉంది.